ఉందని చెప్పిన అలారం

ఆఫీసులో ఆమెకు పెట్టిన పేరు అనుమానాలక్క. మందులు నిల్వ చేసే ఫ్రిజ్‌లకు బిగించే చిన్న పెట్టెలు తయారుచేసే కంపెనీ అది. ప్రతి పెట్టెలోనూ వేడిని కొలిచే చిప్ ఒకటి ఉంటుంది. దాని చేత పని చేయించే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. పదమూడేళ్లుగా ఆమె రాస్తున్నవి అవే. సిటీ బస్సు నడిపే బావ, "ఇంట్లో ఇద్దరు డ్రైవర్లం, బండి మాత్రం నాకొక్కడికే ఉంది" అని వచ్చినవాళ్లందరినీ నవ్వించేవాడు. అక్కా బావా కింది వాటాలో, ఆమె పై గదిలో ఉండేవాళ్లు.

అక్క పోయి నాలుగు నెలలైంది. "కాస్త నీరసం, అంతే" అంటూ రెండు వారాలు తిరిగింది. ఆసుపత్రిలో చేర్చిన నాలుగో రోజుకే అంతా అయిపోయింది. రక్తానికి ఇన్‌ఫెక్షన్ పాకిందన్నారు. చెల్లెలు ఏడవలేదు. వారం తిరక్కుండా ఆఫీసుకు వెళ్లింది, పలకరించినవాళ్లకు బదులు చెప్పింది. పన్ను పీకించుకున్న రోజు చెంపలాగా లోపలంతా మొద్దుబారి ఉంది.

అప్పుడే ఒక గిడ్డంగి నుంచి ఫిర్యాదు వచ్చింది. ఫ్రిజ్ చెడిపోయి రెండు గంటలు వేడెక్కినా పెట్టె కిక్కురుమనలేదట. మందులన్నీ పారబోశారు.

ఏమేం చేయగలవని అడిగితే చిప్ తానే చెబుతుంది. గిడ్డంగి నుంచి తెప్పించిన పెట్టెలోని చిప్ కూడా తనకు అలారం ఉందనే చెప్పింది. ఆమె దాన్ని బల్ల మీద పెట్టి, అలారం మోగాల్సిన హద్దును ఎనిమిది డిగ్రీలకు దించింది. గదిలో ఇరవై ఏడు. వెంటనే మోగాలి. మోగలేదు. కొత్తగా వచ్చిన నలభై చిప్‌లనూ వరసగా చూస్తే పదకొండింటిది అదే తీరు. అన్నీ ఉందనే చెప్పాయి.

అలారం ఉందని చిప్ చెబితే చాలు, ఇక దానికే వదిలేయమని డ్రైవర్‌లో ఉన్న లైను మూడేళ్ల కిందట ఆమె రాసిందే. తప్పు తనదని మీటింగులో చెప్పింది. చెబుతున్నప్పుడు సిగ్గు కూడా అనిపించలేదు.

చెడ్డ చిప్‌ల నంబర్లు జాబితా రాసి డ్రైవర్‌లో పెట్టేస్తే రేపటికి తెమిలిపోతుందన్నాడు మేనేజరు.

"రేపు ఇంకో సరుకు వస్తుంది, జాబితాలో ఉండదు," అందామె. "దాన్ని అడగడం మానేద్దాం సార్. చేయించి చూద్దాం."

ఆమె చెప్పిన పద్ధతిలో, పెట్టె ఆన్ అయిన ప్రతిసారీ డ్రైవర్ కావాలనే హద్దును ఉన్న వేడికంటే కిందికి దించుతుంది. అలారం వస్తే సరే. రాకపోతే దాని మీద ఆశ వదులుకుని, పది సెకన్లకోసారి తానే వేడి చూసుకుంటుంది. ఆన్ కావడం ఆలస్యమవుతుందని మేనేజరు గొణిగాడు, చివరికి ఒప్పుకున్నాడు.

ఆ ఆదివారం ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని బావకు ఇదంతా చెప్పింది. బావ పొయ్యి గట్టు తుడుస్తూ విన్నాడు.

"చిప్పు మాటే నమ్మవు. బాగానే ఉన్నానని మీ అక్కంటే ఎట్లా నమ్మేశాం?"

ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. 'మనం' అన్నట్టే అడిగాడు.

"అడిగాం బావా. చెప్పింది. ఊరుకున్నాం."

ఆయన తుడిచిన చోటే మళ్లీ తుడుస్తున్నాడు. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. నిద్ర పడుతోందా అంటే, హాయిగా పడుతోందన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె చెప్పులేసుకుని కింది వాటా గుమ్మంలో నిలబడింది.

"లేవండి, క్లినిక్‌కి వెళ్దాం."

"నాకేం రోగం?"

"ఏమో. చూపిద్దాం."

బీపీ నూట తొంభై దాటింది. మూడు వారాలు బస్సు ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. దారి పొడుగునా బావ మూతి ముడుచుకునే ఉన్నాడు. నాలుగు రోజులు ముక్తసరిగానే మాట్లాడాడు. ఐదో రోజు మాత్రల అట్టలు రెండూ తెచ్చి ఆమె ముందు పెట్టి, పొద్దున వేసుకునేది ఏదని అడిగాడు.

ఆ వారమే కొత్త డ్రైవర్ అన్ని పెట్టెల్లోకీ వెళ్లింది. సాయంత్రానికి మూడువందల పన్నెండు పెట్టెలు, తమ అలారం పనిచేయడం లేదని కనిపెట్టి, వేడి తామే చూసుకోవడం మొదలుపెట్టాయి. మేనేజరు ఆ అంకె అందరికీ చదివి వినిపించాడు. చప్పట్లు కొట్టారు. ఆమె తల ఊపి, పక్కనున్న ఇంకో చిప్ వివరాల కాగితాలు తెరిచింది.

ఆఫీసు నుంచి వస్తూ, ఇప్పుడైనా ఏడుపు వస్తుందేమోనని రోడ్డు పక్కన కాసేపు ఆగింది. రాలేదు. బావ మాత్రలు తేవాలి, మందుల షాపు కట్టేసే వేళవుతోందని నడక సాగించింది.