బావ ఎర్రపెన్సిలు

ఐదో తరగతితో బడి మానేశాను. మిగతా చదువంతా పొట్లాల కాగితాల మీద, సినిమా పాటల పుస్తకాల మీద, ఆమదాలవలస గ్రంథాలయం బల్ల మీద సాగింది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే "ఏం చదువుకున్నావని రాస్తావు?" అని అడిగే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. నలభై ఏళ్లుగా నోటుపుస్తకాలు నింపుతున్నాను. చూసిన సినిమా మీద ఒక పేజీ, రేడియోలో విన్న ఆట మీద ఒక పేజీ, ఓటేసిన మర్నాడు తప్పకుండా ఒక పేజీ. పత్రికలకు పంపితే ఒక్కటీ వెయ్యలేదు.

వాటికి ఒకే ఒక పాఠకుడు, మా బావ. మేనత్త కొడుకు. స్టేషన్ రోడ్డులో సైకిలు షాపు ఉండేది. వయసులో ఉండగా బరువులెత్తేవాడు, తర్వాత ఆ పోటీల్లోనే తీర్పు చెప్పే కుర్చీలో కూర్చునేవాడు. ఆ ఆటకి ముగ్గురు తీర్పరులు. ఎత్తు సరిగ్గా ఉంటే తెల్లదీపం, తప్పితే ఎర్రదీపం. రెండు తెల్లవి వస్తే ఎత్తు చెల్లినట్టు. బావ ఆ పద్ధతే నా రాతకీ పెట్టాడు. నేను ప్రతి పేజీ కింద మూడు సున్నలు చుట్టి ఇచ్చేవాణ్ణి. షాపులో టైర్ల మధ్య కూర్చుని చదివేవాడు. నచ్చితే సున్నలో టిక్కు, నచ్చకపోతే సున్న నిండా ఎర్రపెన్సిలు.

"ఒకటోది మాటకిరా, రెండోది నిజానికి. మూడోది నీ పొగరుకి" అనేవాడు.

మూడోది ఎప్పుడూ ఎర్రదే. నలభై ఏళ్లలో ఒక్క పేజీకీ మూడు టిక్కులు పడలేదు.

మేమిద్దరం చెరో హీరో మనుషులం. "మీవోడు గుర్రమెక్కితే గుర్రమే నటిస్తాది" అని వాడు, "మీవోడు ఏడిస్తే జనం నవ్వుతారు, అదేటి బావా?" అని నేను. ఇప్పటివాళ్లు కటౌట్లకి పాలు పోస్తున్నారు. మేమూ పిచ్చివాళ్లమే, తెర మీదకి కాగితం ముక్కలు విసిరేవాళ్లం. కాకపోతే ఆ కాగితాన్ని ముందు చదివి, తర్వాత చించేవాళ్లం. నాయకుల సంగతి చెప్పక్కర్లేదు. పొద్దున ఒక కండువా, సాయంత్రం ఇంకొకటి. పట్టుకున్న హీరోని ముసలితనం దాకా వదలని మాకున్న సిగ్గు కూడా వాళ్లకి లేదు.

ఇంత నీతి చెప్పే నేను చేసిన పని ఇది.

రాష్ట్రాన్ని విడగొట్టొద్దని రోజుల తరబడి బందులు జరిగిన ఏడాది. రోజూ పొద్దున్నే టీ బడ్డీ దగ్గర పేపరు గట్టిగా చదవడం నా అలవాటు. పదిమంది వినేవాళ్లు. ఒకరోజు పేపరు పక్కనపెట్టి, బావకి చూపించకుండానే నా పేజీ చదివేశాను. ఊరంతా షాపులు మూసుకుంటే ఒకాయన మాత్రం సగం షట్టరెత్తి పంచర్లు వేసుకుంటున్నాడనీ, అలాంటి వెన్నెముక లేనివాళ్ల వల్లే మనకీ గతి అనీ రాశాను. పేరు రాయలేదు. రాయాలా?

"ఓలమ్మో! సైకిలు షాపోడే గావాల!" అని ఎవరో అరిచారు. అందరూ గొల్లుమన్నారు.

బావ మూల బెంచీ మీదే ఉన్నాడు. గ్లాసులో సగం టీ అలాగే ఉంచి లేచాడు. "నాకు సూపించకుండా సదివేసినావేటిరా" అన్నాడు. అంతే. వెళ్లిపోయాడు.

నిజమేమిటంటే, ఆ షట్టరు లేచింది ఆస్పత్రికి డ్యూటీకి వెళ్తున్న నర్సమ్మ కోసం. ఆవిడ సైకిలు షాపు ముందే పంచరైంది. బావ పంచరు వేశాడు. పంపు కొట్టింది నేను. బడ్డీ దగ్గర ఆ ఒక్క మాట అని ఉంటే నవ్వంతా నా మీదకి తిరిగేది. బావ అనలేదు.

ఆ తర్వాత వాడు నాతో మాట్లాడలేదు. చూపు మందగించి షాపు ఎత్తేసి, కొత్తవలసలో కూతురింటికి వెళ్లిపోయాడు. నేను రాస్తూనే ఉన్నాను, సున్నలు చుడుతూనే ఉన్నాను. బడ్డీలో ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లు, అందరి ఫోన్లలోనూ క్రికెట్టు. పేపరు తీస్తే "తాతా, మెల్లగా సదువుకో, స్కోరు ఇనపడతం లేదు" అంటారు.

మూడేళ్లకి ఓపిక పట్టలేక నోటుపుస్తకం పట్టుకుని పాసింజరెక్కాను. విజయనగరంలో బండి చాలాసేపు ఆగింది. దిగి వెనక్కి వెళ్లిపోదామని రెండుసార్లు గుమ్మం దాకా వచ్చాను.

బావ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. "ఎవులు?" అన్నాడు.

"నానే బావా."

"కళ్లు పోనాయి" అన్నాడు.

"నాను సదివి ఇనిపిస్తాను."

"వొద్దు. నీ సదువు ఒకపాలి ఇన్నాను."

కూతురు నా చేతిలోని పుస్తకం తీసుకుంది. "నాను సదివిపెడతాను మావయ్యా, బెంగెట్టుకోకు" అంది. ఆ పుస్తకం ఆఖరి పేజీలో ఆనాటి సంగతి రాసి తెచ్చాను. "బందు రోజుల ఆవేశంలో అందరిలాగే నేనూ తొందరపడ్డాను" అని మొదలుపెట్టాను.

నెల తిరిగాక పుస్తకం పోస్టులో వచ్చింది. మొదటి పేజీకి మూడు టిక్కులు. రెండో పేజీకి మూడు. అన్నీ గుండ్రంగా, ముచ్చటగా ఉన్నాయి. ఒళ్లు మండింది. నా పొగరుకి టిక్కా? అది కూతురి మంచితనం, బావ తీర్పు కాదు. ఇంక నన్ను చదివేవాడు లేడనుకుంటూ ఆఖరి పేజీ తిప్పాను.

ఆ పేజీలో టిక్కుల్లేవు. ఎర్రపెన్సిలు గీతలు సున్నల్లోంచి బయటికొచ్చి అక్షరాల మీదకి పోయాయి. ఒకచోట కాగితం చిరిగింది. కళ్లు కనపడని మనిషి చేతికి పెన్సిలిచ్చి, సున్నల మీద పెట్టి ఉంటుంది కూతురు. మూడూ ఎర్రవే.

మూడేళ్ల తర్వాత బావ నాతో నిజంగా మాట్లాడిన మాట అది.

బరువులెత్తేవాడికి మూడు అవకాశాలుంటాయి. ఒకటి పోయింది. మళ్లీ రాశాను. ఆవేశం తీసేశాను, అందరినీ తీసేశాను. "షట్టరెత్తింది నర్సమ్మ కోసం. పంచరు వేసింది బావ. పంపు కొట్టింది నేను. తెలిసే దాచాను."

పంపేముందు ఈ పొద్దున బడ్డీకి వెళ్లి, అదే బెంచీ దగ్గర నిలబడి గట్టిగా చదివాను. ఆనాడు నవ్వినవాళ్లలో ఇద్దరే మిగిలారు. ఇద్దరూ ఫోన్లోంచి తల ఎత్తలేదు. టీ పోసేవాడు మాత్రం "ఏ నర్సమ్మ తాతా?" అన్నాడు. చెప్పబోయేలోగా ఎవరో సిక్సు కొట్టారు.

ఇంటికొచ్చి పేజీ కింద మూడు సున్నలు చుట్టాను. బడ్డీలో చదివొచ్చానని కూడా రాసుకున్నాను కాబట్టి మూడోది ఎర్రదే పడుతుంది. పడనీ.