నేను తీసేసిన చివరి వాక్యం

రెండేళ్ల కిందట ఇబ్రహీంపట్నంలో విలేకరిగా ఉన్నాను. రిజర్వేషన్‌లో సీటు వచ్చినవారు కుల ధ్రువీకరణ పత్రం తెచ్చి చేరాలన్న యూనివర్సిటీ ప్రకటనను వార్తగా రాశాను. జాగా చాలక, అలవాటుగా చివరి వాక్యం తీసేశాను. గడువు శుక్రవారమని ఉన్నది అందులోనే.

శనివారం దగ్గర్లోని మంచాల అనే ఊరి నుంచి ఒకమ్మాయి తండ్రితో కలిసి మా ఆఫీసుకు వచ్చింది. చేతిలో కత్తిరించిన మా వార్త.

“సార్, నిన్ననే ఆఖరంట. సీటు పోయిందన్నరు. మీ పేపరే నమ్మినం. గిండ్ల తారీఖు ఏడున్నది?”

తండ్రి ఆమెనే కసిరాడు. “మంచిగ సూడు బిడ్డా! సారు రాయకుంట ఉంటడా?”

ఆమె మళ్లీ మొదటి నుంచి చదివింది.

యూనివర్సిటీకి ఫోన్ చేసి బతిమాలాను. కుదరదన్నారు.

మర్నాడు సవరణ వేశాం, గడువు తేదీతో సహా. దాన్ని కత్తిరించి దాచుకున్నది నేనొక్కడినే.