నల్లోడి గదిలో మేత మేసిన గుర్రం

ఆ గుర్రాల కొట్టంలో దాణా మామని అసలు పేరుతో పిలిచినవాళ్ళు ఎవరూ లేరు. పలకా బలపం పారేసి పనిలోకి వచ్చిన రోజున నెత్తిన పెట్టింది దాణా తట్ట. తట్ట దిగినా పేరు దిగలేదు. ఇప్పుడు మోకాళ్ళు పట్టేశాయి. ఎప్పుడో గుర్రం తొక్కిన బొటనవేలు చలికి ఇప్పటికీ సలుపుతుంది. ఒంటికి ఎంత సబ్బు రుద్దినా గుర్రం వాసన వదలదు.

"పక్కలో జీను పెట్టుకుని పడుకున్నట్టుంది" అని పెళ్ళాం దెప్పిపొడుస్తుంది.

"జీనునైతే నూనె రాసి తుడుస్తారే. నన్నెవరు తుడిచారు?" అంటాడు ఆయన.

వాళ్ళకి ఒక్కగానొక్క కూతురు. ఎక్కి కూర్చుంటే వీపు మీద మనిషి ఉన్నట్టు గుర్రానికే తెలియదు, అంత తేలిక. అందుకని కొట్టమంతా పిచ్చుక అంటారు. పిచ్చుక ఎక్కే గుర్రం నల్లోడు. కిందటి వానల్లో అడ్డుకర్ర దూకబోయి వాడి కాలు జారింది. పిచ్చుక దూరంగా పడి బతికిపోయింది. నల్లోడి కాలు రెండు ముక్కలైంది. పశువుల డాక్టరు ఆఖరి సూది వేస్తుంటే తల పిచ్చుక ఒళ్ళో పెట్టి, తన గదిలోనే కళ్ళు తేలేశాడు.

ఆ తర్వాత పిల్ల గుర్రమెక్కలేదు. కొట్టానికి వస్తుంది, ఖాళీ గదే ఊడుస్తుంది, వెళ్ళిపోతుంది. ఇంట్లో గలగలా మాట్లాడే నోరు మూతపడింది. అన్నం ముందు కూర్చుని ఎటో చూస్తుండేది.

చివరికి కొట్టం యజమాని తేల్చి చెప్పాడు. "మామా, అరబ్బీ గుర్రం కొంటున్నాను. నువ్వే చూసి చెప్పు. పిచ్చుక ఎక్కితే దానికే ఇస్తాను. ఎక్కనంటే వేరే పిల్లని పెట్టుకుంటాను. తప్పుగా అనుకోకు."

"ఎక్కుతుందయ్యా" అన్నాడు మామ. ఆ మాట తనకే నమ్మకం లేకుండా వచ్చింది.

గుర్రాల బేరగాడు మధ్యాహ్నం వేళ రెండింటిని దింపాడు. రెండూ అరబ్బీలే. కళ్ళ కింద ముఖం లోపలికి వంగి, మూతి దగ్గరికి వచ్చేసరికి దోసిట్లో పట్టేంత సన్నబడి, ముక్కుపుటాలు మాత్రం విప్పారి ఉన్నాయి. నడుం పొట్టి. తోక ఎత్తి నడుస్తున్నాయి. ఒకటి తెల్ల పోతు, ఒకటి ఎర్ర ఆడగుర్రం. యజమాని కళ్ళు తెల్లదాని మీద నుంచి కదల్లేదు.

మామ డెక్కలు ఎత్తి చూశాడు, పళ్ళు చూశాడు, ఛాతీకి చెవి ఆనించి విన్నాడు. రెండింటికీ వంక పెట్టడానికి లేదు. ఇక మిగిలింది ఆ కొట్టం పరీక్ష. ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెద్దవాళ్ళ నాటి నుంచీ ఉంది. కొత్తగా వచ్చిన గుర్రాన్ని, చనిపోయిన గుర్రం గదిలోకి తోలి, తొట్టిలో మేత వేసి వదిలెయ్యాలి. మేస్తే ఉంచుకుంటారు, మెయ్యకపోతే పంపేస్తారు. చావు వాసనకి బెదిరేది రేపు దేనికైనా బెదురుతుందని వాళ్ళ లెక్క.

తెల్లది గడప దాకా వచ్చి ముందుకాళ్ళు నేలకి తన్నిపెట్టింది. మెడ మీద చెమట నురగ కట్టింది. చెవులు రెండూ గదిలో ఎడమ పక్కకే తిరిగి ఉన్నాయి. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు.

"ప్రయాణం అలసట మామా, అంతే" అన్నాడు బేరగాడు.

ఎర్రది మాత్రం లోపలికి నడిచింది. నడిచింది గానీ, గది మధ్యలో నిలబడలేదు. పొట్ట గోడకి రాసుకునేలా కుడివైపుకి ఒదిగిపోయింది. తొట్టిలో కుడి సగం మేత శుభ్రంగా మేసి, ఎడమ సగానికి మూతి కూడా తగిలించకుండా తల ఎత్తి ఆగింది. ఎదుటివాళ్ళు తినే వరకు కాచుకున్నట్టు.

గాలి లేదు. ఈగలు సైతం ఆ గది గడప బయటే ముసురుతున్నాయి. నల్లోడు ఎప్పుడూ ఎడమవైపే నిలబడేవాడని మామకి గుర్తొచ్చింది.

"తినిందిగా, ఇంకేం చూస్తావు?" అన్నాడు బేరగాడు.

"సగమే తినింది."

"ఆడపిల్ల కదా మామా, మొగమాటం!"

మామకి నవ్వు రాలేదు. రెండూ వద్దని చెప్పడానికి నోరు తెరిచేలోగా పిచ్చుక నీళ్ళ బకెట్టుతో వచ్చింది. ఎవరినీ చూడకుండా గదిలోకి వెళ్ళింది. గుర్రం దగ్గరికి తిన్నగా పోలేదు. ఎడమ పక్కన ఖాళీ చోటును చుట్టి, పెద్ద జంతువు వెనకనుంచి తప్పుకుని వెళ్ళేటప్పుడు దాని తుంటి మీద పెట్టినట్టు గాలిలో చెయ్యి ఆనించుకుంటూ, పక్కవాటుగా నడిచింది. ఇన్నాళ్ళూ ఊడ్చినప్పుడు కూడా ఇలాగే నడిచిందా? మామ ఒక్కసారైనా తొంగిచూడలేదు.

"నాన్నా, ఇదే" అంది ఎర్రదాని మెడ నిమురుతూ.

"వద్దు తల్లీ. అది సరిగ్గా నిలబడట్లేదు."

"సరిగ్గానే నిలబడింది. చోటు వదిలింది."

మామ బయట ఉన్న తెల్లదాని వైపు చెయ్యి చూపించాడు. "తెల్లది చూడమ్మా. లక్షణంగా ఉంది."

"అది వాణ్ణి చూసి హడలిపోయింది. దాని మీద నేనెలా ఎక్కుతాను?"

"మరి దీని మీద?"

"ఎక్కుతాను."

ఆ ఒక్క మాట కోసమే మామ వానల నుంచీ ఎదురుచూశాడు. ఇప్పుడది చెవిన పడితే, తొట్టిలో మిగిలిన ఎడమ సగం మేత వైపు చూశాడు. వద్దంటే పిల్ల మళ్ళీ అన్నం ముందు రాయిలా కూర్చుంటుంది. సరేనంటే, తను కొట్టంలో ఉంచుకునేది ఒక్క గుర్రాన్నేనా అని భయం. యజమాని కొట్టం గుమ్మంలో నిలబడి అడుగుతున్నాడు, "ఏమంటావు మామా?"

"ఎర్రది ఉంచెయ్యండయ్యా" అన్నాడు.

తనే జీను కట్టాడు. పట్టీ రెండుసార్లు బిగించి చూశాడు. పిచ్చుక ఎక్కి మైదానంలోకి తోలింది. ఎర్రది తోకెత్తి, నేల తగలనట్టు పరుగెత్తింది. కానీ మలుపు మలుపుకీ లోపలి అంచు వదిలి, ఇంకో గుర్రం పట్టేంత చోటిస్తూ తిరిగింది. పిచ్చుక ఎడమ మోకాలు దగ్గరికి లాక్కుని కూర్చుంది, పక్కదానికి తగలకూడదన్నట్టు. ఒకసారి ఎడమవైపుకి తిరిగి ఏదో అంది. పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. మామకి కళ్ళు చెమర్చాయి, వీపు చల్లబడింది, రెండూ ఒకేసారి.

తిరిగి వస్తుంటే గేటు తెరిచి పట్టుకున్నాడు. ఎర్రది పిచ్చుకని మోసుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

"గేటు మూసెయ్ మామా, మిగతావి బయటపడతాయి" అని యజమాని కేకేశాడు.

"ఉండండయ్యా" అన్నాడు మామ.

పొట్ట లోపలికి పీల్చుకుని గేటు కమ్మీకి అతుక్కుని దారి ఇచ్చాడు. ఇంకో గుర్రం దాటేంత సేపు ఆగి, గడియ పెట్టాడు.