ఫ్రేములో పట్టలేదని కత్తిరించిన పేపరు

మలికిపురం వదినగారికి మోకాళ్ల నొప్పులు తగ్గాయా? కువైట్‌లో తమ్ముడి దగ్గు ఎలా ఉంది? మన గ్రూపులో పిల్లలందరూ కులాసాయేనా? మా ఆయన ఆయాసం మాత్రం అలాగే ఉంది.

ఆయన నలభై ఏళ్లు క్లారినెట్ వాయించిన పెళ్లిళ్ల బ్యాండు గురించి మనవరాలు ఇంటర్నెట్టులో విజ్ఞాన సర్వస్వమట, అందులో రాసింది. బ్యాండుకు పేరున్నట్టు పేపర్లో వచ్చిన రుజువు చూపించకపోతే రాసింది తీసేస్తామని ఈ రోజు అది నడిపేవాళ్లు చెప్పారు. బ్యాండు పేరు అచ్చువేసిన శుభలేఖలు సంచీడు ఇచ్చాను. అవి పనికిరావట. బ్యాండు గురించి ఒకప్పుడు పేపర్లో పడితే ఫ్రేము కట్టించిన ముక్క గోడ మీద నుంచి దించాను.

"అమ్మమ్మా, పేపరు పేరూ తేదీ ఏవీ?"

"ఫ్రేములో పట్టలేదని నేనే కత్తిరించేశానే."

ఆయన మంచం మీద నుంచి, "పోనిద్దూ, విన్నవాళ్లకి తెలుసు కదా" అని గోడవైపు తిరిగి పడుకున్నారు. నాకు అన్నం సహించలేదు.

బ్యాండులో డ్రమ్ము వాయించి ఇప్పుడు అంతర్వేదిలో ఉంటున్న సత్యానికి ఫోన్ చేసి, ఆ పేపరు ఉందా అని అడిగాను.

"ఆయ్, ఉందండి అక్కగారూ. మా ఆవిడ ట్రంకుపెట్టె అడుగున పేపరు మొత్తం పరిచేసిందండి. అప్పుడు తిట్టేను కూడానండి."

భద్రంగా దాచుకుందామని నేను పాడు చేశాను, పెట్టె అడుగున పరిచి సత్యం వాళ్లావిడ కాపాడింది. మీలో ఎవరైనా ఇలాంటి పని చేశారా, చెప్పండి, కాస్త ఊరట. ఈలోగా చెదలు పడితేనో అని మళ్లీ బెంగ. పెట్టె కదపొద్దని రెండుసార్లు చెప్పాను. గురువారం పొద్దున్న మొదటి బస్సుకే మనవరాలూ నేనూ అంతర్వేది వెళ్తున్నాం.