పక్కింటావిడ పాట

కొన్నాళ్లుగా మా పక్క ఫ్లాట్‌లో గోడలు బద్దలు కొడుతున్నారు. లిఫ్టు దగ్గర నోటీసు అంటించి, పనివేళలు రాసి, ఇబ్బందికి క్షమించమని కూడా రాసి మరీ కొడుతున్నారు కాబట్టి మనం అనడానికేమీ లేదు. ఫ్లాట్ కొనుక్కున్న జంట చిన్నవాళ్లు. పని మొదలయ్యే ముందే పైనాపిల్ టార్ట్‌ల డబ్బా పట్టుకొచ్చి, "సారీ ఆంటీ, చాలా చప్పుడవుతుంది" అని ఇంగ్లీషులో చెప్పి తలొంచుకుని వెళ్లారు. అంత మర్యాదగా చెప్పాక కోపం తెచ్చుకోవడం కూడా కష్టమే. మా అత్తగారు మాత్రం డ్రిల్లు మోగగానే టీవీ కట్టేసి, కుర్చీ ఆ గోడ వైపు తిప్పుకుని కూర్చుంటున్నారు. నిన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి కారిడార్‌లో బండి నిండా పగిలిన నీలం టైల్స్ ఉన్నాయి. ఆ వంటింటి టైల్స్ నాకు తెలుసు. వాటి ముందు నిలబడి ఎన్నో సాయంత్రాలు టీ తాగాను. మా గుమ్మంలోకి వచ్చానే గానీ, చెప్పులు విప్పకుండా అక్కడే కాసేపు ఉండిపోయాను.

ఇదివరకు ఆ ఇంట్లో ఉన్నావిడ ఒకప్పుడు బ్రిటన్‌లో పేరున్న పాప్ గాయని. ఆ సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మేం సింగపూర్‌లో ఈ పాసిర్ రిస్ పేటకి మారిన కొత్తలో ఆవిడ మాకు పిల్లులకి అన్నం పెట్టే తెల్లావిడ, అంతే. పొడుగ్గా, మెడ దాకా కత్తిరించిన తెల్లజుట్టుతో, పూల సరోంగ్ లుంగీలా చుట్టుకుని, రబ్బరు చెప్పులు ఈడ్చుకుంటూ కారిడార్‌లో తిరిగేది. భర్త ఇక్కడివాడే. హోటళ్లలో గిటార్ వాయించేవాడట. మేం వచ్చేసరికే పోయాడు. పిల్లలు లేరు. చుట్టుపక్కల చిన్నపిల్లలకి ఇంగ్లీషు చదవడం నేర్పేది. మా అమ్మాయి కూడా కొన్నాళ్లు వెళ్లింది. "షీ వెరీ స్ట్రిక్ట్ లా, అమ్మా" అని ఇక్కడి పిల్లల యాసలో చెప్పి మొహం ముడుచుకునేది గానీ, మానేస్తానని ఎప్పుడూ అనలేదు.

మామగారు పోయాక అత్తగారు రేపల్లె నుంచి మా దగ్గరికి వచ్చేశారు. వచ్చీ రాగానే వాళ్లిద్దరికీ స్నేహం కుదిరింది. ఏ భాషలో అని అడక్కండి. అత్తగారికి వచ్చిన ఇంగ్లీషు 'కమ్', 'సిట్', 'ఈట్'. స్నేహానికి అంతకంటే ఎక్కువ మాటలు అక్కర్లేదని వాళ్లని చూశాకే నాకు తెలిసింది. అత్తగారు ఇచ్చిన గోంగూర పచ్చడిని ఆవిడ జామ్ లాంటిదనుకుని బ్రెడ్డుకి దట్టంగా రాసుకుని తింది. కళ్లూ ముక్కూ తుడుచుకుంటూ వచ్చి, సీసా మళ్లీ నింపి ఇమ్మంది. ఆ రోజు నుంచి అత్తగారి దృష్టిలో ఆవిడ మన మనిషి. నేను పిలవడం విని ఆవిడ కూడా "అట్టయ్యా" అనేది. సాయంత్రం అయ్యేసరికి ఇద్దరూ కారిడార్‌లో కుర్చీలేసుకుని, సముద్రపు గాలికి, ఛాంగీ ఎయిర్‌పోర్టు వైపు దిగే విమానాలు చూస్తూ, ఎవరి భాషలో వాళ్లు కబుర్లు చెప్పుకునేవాళ్లు. ఒకళ్లు చెప్పింది ఇంకొకళ్లకి అర్థం కాకపోవడం వల్ల ఒక్కసారి కూడా మాటా మాటా రాలేదు.

మా అమ్మాయి పుట్టినరోజున కేకు చుట్టూ నిలబడి అందరం పాడుతుంటే ఆవిడ పెదాలు మాత్రం కదిపింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి తెలిసింది. జలుబు చేసిందేమో అనుకున్నాను. ఆ తర్వాత ఒక శనివారం ఇద్దరం సూపర్ మార్కెట్‌లో బెండకాయలు ఏరుతున్నాం. పైన స్పీకర్‌లో పాత ఇంగ్లీషు పాట వస్తోంది. పడుచుపిల్ల గొంతు, గాలిపటంలా పైకి పైకి పోతోంది. నాకూ ఎక్కడో విన్నట్టే ఉంది. ఆవిడ చేతిలో బెండకాయలు తిరిగి పెట్టేసి, బుట్ట అక్కడే వదిలేసి, గబగబా బయటికి నడిచింది. కంగారుపడి వెనకే వెళ్లాను. పక్కనే తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో కూర్చోబెట్టి కాఫీ తెచ్చి ముందు పెడితే, అది చల్లారిపోయేదాకా గరిటె తిప్పినట్టు చెంచా తిప్పుతూ, "ఆ పాడింది నేనే" అంది.

ఇంగ్లండ్‌లో ఉత్తరాన ఏదో రేవు పట్నం. తండ్రి ఓడల్లో సరుకు దించేవాడు. శనివారం సాయంత్రాలు కూలీల క్లబ్బులో, బీరు గ్లాసుల గోల మధ్య, బడి బట్టల మీద తల్లి పాత కోటు తొడుక్కుని పాడేదట. రికార్డుల కంపెనీ వాళ్లెవరో విని లండన్ తీసుకెళ్లి, జుట్టు కత్తిరించి, పళ్లు సరిచేయించి, పేరు మార్చి, ఇరవై రెండేళ్లప్పుడు ఆ పాట పాడించారు. ఒక వేసవంతా ఏ కిటికీ తెరిచి ఉన్నా అదే పాటట. "రేవులో నాన్న పక్కన పనిచేసేవాళ్లు నా పాట ఈల వేసేవాళ్లట. నాన్న ఆ సంగతి చెప్పి, మొహం అటు తిప్పుకున్నాడు" అంది. ఆ తర్వాత ఊరూరా తిరగడం, సరిగ్గా నిద్ర లేకపోవడం, గొంతు నొప్పన్నా వినని మేనేజరు. ఒక కొత్త సంవత్సరం పండగకి టీవీలో లైవ్‌గా పాడుతుండగా, పాట చివర పై స్వరం దగ్గర గొంతు చీలిపోయింది. దేశమంతా చూసింది. దేశమంతా నవ్వింది. హాస్యగాళ్లు ఆ చీలికనే అనుకరిస్తూ ఏళ్ల తరబడి పొట్టపోసుకున్నారు. వీధిలో నడుస్తుంటే పిల్లలు వెనకనుంచి ఆ కీచుగొంతు పెట్టేవాళ్లట. ఎవరికీ తెలియని చోటికి పోవాలని సింగపూర్ హోటల్లో పాడే పని ఒకటి ఒప్పుకుని వచ్చింది. ఆ బృందంలో గిటార్ వాయించే అతన్ని పెళ్లి చేసుకుంది. హోటల్ వాళ్లతో ఒప్పందం ముగిసిన రోజు నుంచి మళ్లీ పాడలేదు. భర్త ఆస్పత్రిలో, ఆఖరి రోజుల్లో అడిగాడట, ఒక్కసారి పాడమని. అప్పుడూ పాడలేకపోయింది. అది చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ నా మొహం చూడలేదు.

ఇంటికొచ్చి అత్తగారికి క్లుప్తంగా చెప్పాను, ఒకప్పుడు పెద్ద గాయనిట, గొంతు పోయి మానేసిందిట అని. "గొంతు పోవడమేంటే, శుభ్రంగా మాట్లాడుతోందిగా" అన్నారు. అత్తగారి సంగీత పరిజ్ఞానం అంతవరకే.

ఆ శ్రావణమాసంలో ఒక శుక్రవారం పేరంటం పెట్టుకున్నాను. అత్తగారు పేరంటంలో ముందుకు రారు. ఈ రోజుల్లో ఈ పట్టింపులేంటని నేనెంత పోట్లాడినా వినరు. వంటింటి గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఆ యేడు పక్కన ఇంకో కుర్చీ వేయించి, పక్కింటావిడని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టారు. "నాకులాగే ఆవిడకీ ఆయన లేడు. మేమిద్దరం ఇక్కడుంటాం, మీరు కానివ్వండి" అన్నారు. మన పేరంటాల్లో హారతికి ముందు ఒక్కొక్కరిచేతా పాట పాడించడం ఒక ముద్దైన హింస. రాదంటారు, గొంతు బాగాలేదంటారు, కళ్లజోడు తేలేదంటారు. పెద్దవాళ్లు వదలరు. ఆ రోజూ అలాగే నడిచింది. ఒకావిడ పల్లవి ఒక శ్రుతిలో, చరణం ఇంకో శ్రుతిలో పాడింది. ఇంకొకావిడ రెండో చరణం మర్చిపోయి మొదటిదే మళ్లీ పాడేసింది. ఊరికి ఆ కొసనున్న బూన్ లే నుంచి వచ్చిన ఆంటీ, మలేషియాలో పుట్టి పెరిగిన తెలుగావిడ, వాళ్లమ్మ రబ్బరు తోటల్లో పాడుకునే పాట, సగం మాటలకి అర్థం తెలియకుండానే, కళ్లు మూసుకుని పాడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పేరంటంలో చప్పట్లు కొట్టరు. "బాగుందమ్మా" అంటారు, "తర్వాతెవరు" అంటారు. అలా "తర్వాతెవరు" అన్నప్పుడు అత్తగారు పక్కకి తిరిగి, "సింగ్" అన్నారు.

ఆ మాట అత్తగారు ఎప్పుడు నేర్చుకున్నారో నాకు తెలియదు. "వద్దత్తయ్యా" అన్నాను. "ఎందుకొద్దు? అందరిచేతా పాడించి ఆవిడ్నొక్కదాన్నీ వదిలేస్తే ఏమనుకుంటుంది?" అన్నారు. అదీ న్యాయమే. పక్కింటావిడ నన్ను చూసింది, అమ్మవారిని చూసింది, ఒళ్లో చేతులు పెట్టుకుని కాసేపు నేల చూసింది. తర్వాత మొదలుపెట్టింది. అదే పాట. కానీ సూపర్ మార్కెట్‌లో విన్న గొంతు కాదు. బొంగురుగా, కిందగా, రాత్రి పిల్లల్ని జోకొట్టే వాళ్ల గొంతులా ఉంది. ఆ పై స్వరం దగ్గరికి వచ్చేసరికి చీలిపోయింది. ఆవిడ ఆగింది. ఎవరూ నవ్వలేదు. ఎవరూ జాలిపడనూ లేదు. అప్పటిదాకా ప్రతి పాటా ఎక్కడో ఒకచోట చీలుతూనే ఉంది మరి. అత్తగారు 'ఊఁ, ఆ తర్వాత' అన్నట్టు తలూపారు. ఆవిడ మిగతాది చివరిదాకా పాడింది. "బాగా పాడావమ్మా" అని అత్తగారు పండూ, జాకెట్టు ముక్కా, గుప్పెడు నానబెట్టిన శనగలూ ఆవిడ చేతిలో పెట్టారు. శనగలు నములుతూ ఆవిడ ఏడ్చింది. నేను కొబ్బరికాయ నెపం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఆ తర్వాత కొన్ని రోజులు గోడ అవతలి నుంచి, గిన్నెలు కడిగే చప్పుడుతో పాటు సన్నగా పాట వినిపించేది. అత్తగారు టీవీ కట్టేసి, కుర్చీ గోడ వైపు తిప్పుకుని వినేవారు. అవి మంచి రోజులు.

ఎక్కువ కాలం సాగలేదు. బూన్ లే ఆంటీ ఆ పాటని ఫోన్‌లో తీసింది. చెడ్డ ఉద్దేశమేమీ లేదు. తెల్లావిడ మన పేరంటంలో కూర్చుని పాడిందన్న ముచ్చటతో మన ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో వేసింది. గ్రూపులోంచి గ్రూపులోకి పోయి, పాత పాటల పిచ్చి ఉన్నవాడెవడి కంటనో పడింది. వాడు గుర్తుపట్టాడు. ఇంక చెప్పేదేముంది. ఆవిడ పాత పేరు, అప్పటి ఫోటో ఒక పక్కన, ప్లాస్టిక్ కుర్చీలో సరోంగ్‌తో ఈవిడ ఇంకో పక్కన. వాళ్ల దేశపు పత్రికల దాకా పోయింది. ఇన్నేళ్లయినా ఆ స్వరం ఇంకా అందలేదని ఒకడు, ఆ కీచు మళ్లీ విన్నందుకు చిన్నతనం గుర్తొచ్చిందని ఇంకొకడు. కింద వరసగా నవ్వే బొమ్మలు. ఆవిడకి ఎవరు పంపారో తెలియదు. పాట ఆగిపోయింది. తలుపు కూడా మూతపడింది.

అత్తగారికి ఇంటర్నెట్ అంటే ఏమిటో చెప్పడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. అంతా విని, "పాడమంది నేను కదే" అన్నారు. మళ్లీ, "బాగుంటే వింటారు, లేకపోతే లేచి పోతారు. నవ్వడమేంటి?" అన్నారు. అత్తగారికి అంత పట్టుదల ఉందని నాకప్పుడే తెలిసింది. పేరంటానికి వచ్చిన ప్రతివాళ్లకీ నాచేత ఫోన్ చేయించారు. ఆ వీడియో తీసేయండి, ఎవరెవరికి పంపారో వాళ్లచేత కూడా తీసేయించండి అని. బూన్ లే ఆంటీ ఈ కొసకి రైల్లో వచ్చి మా సోఫాలో కూర్చుని ఏడ్చింది. "నేను చెడ్డగా వెయ్యలేదు లా, మా. నలుగురూ చూసి సంతోషపడతారు అనుకున్నా" అంది. అత్తగారు ఆమెకి అన్నం పెట్టారు, తిట్టలేదు. కానీ భోజనం అయ్యాక ఫోన్ తెమ్మని, కళ్లెదుట తీసేయించారు. తర్వాత నా ఫోన్ చూపించమన్నారు. "ఒక్క ఫోన్లో కూడా ఉండకూడదు. ఉన్నంతకాలం ఆవిడ తలుపు తియ్యదు" అన్నారు. నేనూ తీసేశాను. వీడియో ఇంటర్నెట్‌లో మొదట పెట్టిన వాళ్లకి బతిమాలుతూ రాశాను. జనం కొత్త వేడుకలోకి మళ్లాక, వాళ్లూ తీసేశారు.

అప్పటిదాకా అత్తగారు రోజూ సాయంత్రం ఆవిడ గేటు ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవారు. పిలిచేవారు కాదు, తలుపు కొట్టేవారు కాదు. వత్తులు చేసుకుంటూనో, చిక్కుళ్లు ఒలుచుకుంటూనో కూర్చుని, చీకటి పడితే లేచి వచ్చేసేవారు. ఒక సాయంత్రం తలుపు తెరుచుకుంది. ఆవిడ కూడా కుర్చీ తెచ్చుకుని, పళ్లెంలోంచి కొన్ని చిక్కుళ్లు తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది. స్నేహం మళ్లీ మామూలైంది. పాట మాత్రం రాలేదు. తర్వాతి శ్రావణంలో పేరంటానికి వచ్చి, అదే చోట కూర్చుంది. ఆవిడ వంతు వచ్చినప్పుడు అత్తగారు ఆవిడ వైపు చూశారు, అంతే. ఆవిడ తల అడ్డంగా ఊపి, అత్తగారి చెయ్యి పట్టుకుంది. "పోనీలెండి, హారతివ్వండి" అన్నారు అత్తగారు.

ఆ మీదట ఆవిడకి దగ్గు పట్టుకుంది. ఊపిరితిత్తుల జబ్బు అన్నారు. చూసుకునేవాళ్లు ఎవరూ లేరని చెల్లెలు వచ్చి ఇంగ్లండ్ తీసుకెళ్లింది. వెళ్లేటప్పుడు లిఫ్టు దగ్గర అత్తగారు "కమ్" అన్నారు. మళ్లీ రమ్మని అత్తగారి ఉద్దేశం. ఆవిడ "యెస్, అట్టయ్యా" అంది. గడిచిన వానల్లో చెల్లెలి దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది, ఆవిడ పోయిందని.

అత్తగారికి చెప్పి, ఏం చేయాలో తోచక, ఫోన్‌లో ఆవిడ పాత పాట వెతికి పెట్టాను. ఇరవై రెండేళ్ల గొంతు, ఏ చీలికా లేకుండా పైకి వెళ్లి నిలబడింది. అత్తగారు చివరిదాకా విన్నారు.

"ఎవరో పిల్ల. బాగా పాడింది. ఇప్పుడు ఆవిడది పెట్టు" అన్నారు.

"ఇది ఆవిడే అత్తయ్యా. చిన్నప్పటిది."

"అయ్యుండొచ్చు. ఈ పిల్లని నేనెరగను. మనింట్లో పాడిందే, అది పెట్టు."

"అది లేదత్తయ్యా. మనమే తీసేయించాం కదా."

అత్తగారు నా చేతిలో ఫోన్ వైపు చూశారు. "అవునవును. నేనే తీసేయమన్నాను" అని, కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంటూ కూర్చున్నారు.

ఆ రోజంతా వెతికాను. దొరికింది ఒక్కటే. మా పేరంటంలో ఆవిడ గొంతు చీలిన ఆ ఒక్క క్షణం మాత్రం కత్తిరించి, వెనక నవ్వులు అతికించి ఎవరో పెట్టిన ముక్క. అత్తగారికి అది చూపించలేదు. ఎప్పటికీ చూపించను. ఆ పాట నాలుగు రోజుల్లో లోకంలోంచి మాయమైపోతే చాలని అప్పుడు మేం దణ్ణాలు పెట్టుకున్నాం. కొన్నేళ్లు పోయాక దానికోసమే ఇంతలా వెతుక్కుంటామని కాలం ముందుగా ఎవరికి చెప్తుంది?