నేను చెప్పిన సాక్ష్యం

ఇన్నేళ్లూ ఆదివారం వచ్చిందంటే చాలు, గొంతులో ముల్లు కదులుతుంది. మింగలేను, కక్కలేను. ఈ రోజు కక్కేస్తున్నాను. మీరు నన్ను చీదరించుకుంటే చీదరించుకోండి. జాలి మాత్రం నాకొద్దు.

మాది నరసాపురం పక్కన ఊరు. లేసు అల్లుకుని బతికేవాళ్లం. నా కూతురికి చిన్నప్పుడు ఫిట్సు వచ్చేవి. మా చర్చి సంఘంలో మందు వాడితే విశ్వాసం లేనట్టే లెక్క. ఆడవాళ్లంతా ఉపవాసం ఉండి పిల్ల కోసం ఏడ్చి ప్రార్థించారు. నేనూ మనసారా ప్రార్థించాను. కానీ పెద్దాసుపత్రిలో ఇచ్చిన మాత్రలు నూరి, తేనెలో కలిపి, చాటుగా నాకించాను. ఫిట్సు ఆగాయి.

ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు అందరికీ చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచి, మందూ మాకూ లేకుండా ప్రభువే బాగుచేశాడన్నాను. ఎందుకన్నాను? నా బిడ్డ కోసం పస్తులున్నవాళ్ల ముందు మాత్రల సంగతి చెబితే వాళ్ల కన్నీళ్లు నేలపాలు చేసినట్టవుతుందని భయపడ్డానా, లేక ఆ ఒక్కపూటైనా నలుగురిలో గొప్పదాన్ననిపించుకోవాలనా? రెండూనేమో. చప్పట్లు బాగానే మోగాయి.

బయటికొచ్చాక రత్నం నా చెయ్యి పట్టుకుంది. నా పక్కనే కూర్చుని లేసు అల్లే మనిషి. దాని కొడుక్కీ అదే జబ్బు.

"నిజం చెప్పండి వదినా, మాత్రలేం వెయ్యలేదా?"

"లేదే. నమ్మకం ఉంచు."

ఆ సాయంత్రమే అది కొడుక్కి చాటుగా వేస్తున్న మాత్రలు కాలవలో పారేసింది. కొన్నాళ్లకు రేవులో స్నానం చేస్తుండగా వాడికి ఫిట్సొచ్చింది. పైకి తీసేసరికి ప్రాణం లేదు. దేవుడి చిత్తం అంటూ రత్నం నా ఒళ్లో పడి ఏడ్చింది. ఆయన చిత్తం కాదే, నా నోరే అని చెప్పాలి. చెప్పలేదు. వీపు నిమిరాను. ఛీ!

మొన్న పాస్టరు గారికి చెప్పాను. ప్రభువు ఎప్పుడో క్షమించేశాడు, బయటపెడితే సంఘం చెదిరిపోతుందన్నారు. "కొడుకు పోయింది రత్నానికండి. దాన్నడక్కుండా నాకు క్షమాపణేంటండీ?" అని లేచొచ్చేశాను.

నా విశ్వాసం పోయిందనుకోకండి. ఇప్పటికీ మోకాళ్ల మీదే తెల్లారుతుంది నాకు. అబద్ధమాడింది నేను. దాన్ని ఆయన మీదికి నెట్టను, ఎవరినీ నెట్టనివ్వను.

ఇంత రాశాక ఊపిరాడుతోంది. ముందు రత్నం గుమ్మంలో చెబుతాను. చెప్పుచ్చుకు కొట్టినా పడతాను. అది క్షమించదు, క్షమించకూడదు కూడా. ఆదివారం మళ్లీ సాక్ష్యానికి లేస్తాను. చెప్పేది నచ్చకపోతే మావాళ్లు పాట ఎత్తుకుని కూర్చోబెడతారు. ఎత్తుకోమనండి. పాట అయ్యేదాకా నిలబడే ఉంటాను.