కేకు మీద జెండా

జెండా కనిపిస్తే చాలు, బాబాయి కాళ్లు కదలవు. ఇల్లు తగలబడుతోందని ఎవరైనా పరుగెత్తుకొచ్చి చెప్పినా సరే, దారిలో జెండా ఉందంటే ముందు దాని అంచులు చూసి, రంగు వెలిసిందో లేదో తేల్చుకుని, ఆ తర్వాతే మంటలార్పడానికి వెళతాడు. ముప్పై ఏళ్లు మా దేశపు ఏడు నక్షత్రాల జెండాలు తయారుచేసే కార్ఖానాలో కటింగ్ మాస్టరుగా చేశాడు మరి. ఆయన రిటైరయ్యాడు గానీ, మెడలో టేపు ఇంకా డ్యూటీలోనే ఉంది.

ఒకసారి పక్కింటి ఇంజనీరు బుగ్గ మీద జెండా వేయించుకుని ఆటల పోటీకి బయలుదేరాడు. బాబాయి వీధి మధ్యలో ఆపేశాడు.

"తుమ్మొస్తే ఏం చేస్తావ్?"

"రుమాలు అడ్డం పెట్టుకుంటాను బాబాయ్."

"జెండాని రుమాలుతో తుడిచేస్తావా!"

పాపం, ఆ ఇంజనీరు పోటీ అయ్యేదాకా ముక్కు పట్టుకునే కూర్చున్నాడు. మనవాళ్లు గెలిచినప్పుడు కూడా చప్పట్లు కొట్టలేకపోయాడు.

మంగలి షాపులో అయితే ఒకాయనకి సగం గడ్డం గీసి ఉండగా, మెడకు చుట్టిన జెండా రంగుల గుడ్డని బాబాయి ఊడదీయించాడు. మిగతా సగం గీసేదాకా ఆయన వార్తాపత్రిక కప్పుకుని కూర్చోవాల్సి వచ్చింది.

ఇవన్నీ తెలుసు కాబట్టే, తన లైబ్రరీలో కొత్త రీడింగ్ హాలు ప్రారంభానికి బాబాయిని పిలవాలంటే అన్న కూతురికి గుండె దడ. అక్కడ లైబ్రేరియన్ ఆమే.

"నీకు దండం పెడతాను బాబాయ్, ఆ టేపు ఇంట్లో పెట్టి రా. వచ్చేది లైబ్రరీల డైరెక్టరు గారు. గడియారం ఐదు నిమిషాలు వెనకబడిందని పోయినేడు ఒక మనిషినే సస్పెండ్ చేశాడు."

"టేపు లేకపోతే మెడ బోసిగా ఉంటుందే," అని బాబాయి టేపుతోనే వచ్చాడు.

డైరెక్టరు పక్క గేటులోంచి నేరుగా హాల్లోకి వచ్చాడు. ముందు కేకు కోయడం, ఆ తర్వాత అందరూ ముందు ఆవరణలోకి వెళ్లి జెండాకు వందనం చేయడం అని ఏర్పాటు. ఆమె కిటికీలోంచి బయటికి చూసి కొయ్యబారిపోయింది. స్తంభం మీద జెండా తలకిందులుగా ఎగురుతోంది! పొద్దున దాన్ని ఎగరేసింది వాచ్‌మన్ తాత. కళ్లజోడు విరిగి వారమైంది. రెండు నెలల్లో రిటైరు కావలసిన మనిషి.

పక్కకు చూస్తే బాబాయి కూడా ఆ కిటికీలోంచే చూస్తున్నాడు. 'అయిపోయింది, ఇప్పుడు పైకప్పు లేచిపోతుంది' అనుకుంది. కానీ బాబాయి గుమ్మం దగ్గరికి వెళ్లి తాత చెవిలో ఏదో అన్నాడు. తాత ముఖం తెల్లబోయింది. గబగబా బయటికి వెళ్లిపోయాడు. బాబాయి తిరిగి వస్తూనే, కత్తి ఎత్తిన డైరెక్టరు చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగండి సార్! జెండాని కత్తితో కోస్తారా?"

అందరూ కేకు వైపు తిరిగారు. నిజమే, కేకు నిండా క్రీముతో జెండా వేయించారు.

"కోయకపోతే తినేదెలా?" అన్నాడు డైరెక్టరు.

"తినడమా! జెండానా?"

"పోనీ, పైన క్రీము గీకేద్దాం."

"గీకితే చెరిపినట్టు సార్."

"సరే, అలాగే ఎత్తి పక్కన పెడదాం."

"కింద పడితే?"

డైరెక్టరు చెమట తుడుచుకున్నాడు. లైబ్రేరియన్‌కి భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. బాబాయి మెడలోంచి టేపు తీశాడు. పొడవు కొలిచాడు, వెడల్పు కొలిచాడు. మళ్లీ పొడవు కొలిచాడు. అందరికీ వీపు పెట్టి కేకు మీదికి వంగి నక్షత్రాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పది నిమిషాలు గడిచాయి.

అంతలో కిటికీ అవతల వాచ్‌మన్ తాత ముఖం కనిపించింది. రొప్పుతూ తలూపాడు.

బాబాయి నిటారుగా లేచాడు. "ఆరే!" అని గట్టిగా ప్రకటించాడు. "మన జెండాకి నక్షత్రాలు ఏడు. దీనికి ఆరే ఉన్నాయి. కాబట్టి ఇది జెండా కాదు సార్, ఒట్టి కేకు. కోసేయండి!"

"ఆ బేకరీవాడి పని చెబుతా," అన్నాడు డైరెక్టరు.

"అయ్యో, వాడు బుద్ధిమంతుడు సార్. మీరు కోస్తారని తెలిసే ఒకటి తగ్గించాడు!"

డైరెక్టరు ముఖం వెలిగిపోయింది. చప్పట్ల మధ్య కేకు కోశాడు. తర్వాత అందరూ బయటికి నడిచారు. జెండా పద్ధతిగా, ఠీవిగా రెపరెపలాడుతోంది.

"చూశారా? జెండా అంటే ఇలా ఎగరాలి! ఎగరేసిందెవరు?"

వాచ్‌మన్ తాత ముందుకొచ్చాడు. డైరెక్టరు ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు. అక్కడున్న చప్పట్లన్నిటికంటే బాబాయి చప్పట్లే గట్టిగా మోగాయి.

జనం కాస్త పలచబడ్డాక, లైబ్రేరియన్ బాబాయిని పక్కకు లాగింది.

"నిజం చెప్పు బాబాయ్. పొద్దున కేకు విప్పింది నేనే. నేనే లెక్కపెట్టాను. ఏడున్నాయి."

బాబాయి అటూ ఇటూ చూశాడు. చేత్తో మీసం తుడుచుకున్నాడు.

"వెనీలా," అన్నాడు మెల్లగా.